ఎనిమిది వారాల మునిరాజు

అంబికకు మునిరాజు రాసిన మొట్టమొదటి మెయిల్లో నమస్కారం లేదు, పరిచయం లేదు. "మీరు పంపిన టైం టేబుల్ తప్పు. పొద్దున ఆరున్నరకు పుంగనూరులో బయల్దేరే బస్సు కుప్పానికి తొమ్మిదింబావుకు రాదు. తొమ్మిదీ నలభైకి వస్తుంది. ఆ కండక్టరు వి.కోటలో టీకి దిగితే ఒక పట్టాన ఎక్కడు" అని మాత్రం ఉంది.

ఆ బస్సు కండక్టరు పేరు రెడ్డెప్ప. అంబికకు సొంత నాయన.

అది 2006 ఎండాకాలం. అంగళ్లు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం పరీక్షలు ముగించుకుని అంబిక పుంగనూరుకు వచ్చేసింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ ఆ ఏడే కొత్త పద్ధతి పెట్టింది. విద్యార్థులు బెంగళూరు దాకా పోనక్కర్లేదు. ఉన్న ఊళ్లోనే ఉండి, మెయిల్లోనూ చాట్‌లోనూ పని చేస్తూ ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయొచ్చు. ఇద్దరిద్దరిని ఒక జట్టు కట్టారు. చివర్లో ఫోన్లో రివ్యూ. అందులో నెగ్గితే కంపెనీలో ఉద్యోగం. అంబిక జట్టులో రెండో మనిషే కుప్పంలో చదివే ఈ మునిరాజు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోవాలన్నా ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగి మారాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి ఇద్దరూ కలిసి చేయాలి.

బస్టాండు పక్కన శ్రీనివాసులు నెట్ సెంటర్లో కూచుని అంబిక పళ్లు కొరికింది. బస్టాండు బోర్డు మీద ఉన్నదే రాశానని, కావాలంటే పోయి చూసుకోమని జవాబు కొట్టింది.

"బోర్డు బస్సు తోలదు కదండీ" అని వెంటనే వచ్చింది.

ఇంటికి పోయి నాయనకు చెప్తే ఆయన కోప్పడలేదు. మీసం కింద నవ్వుకుంటూ, "ఎవురోగానీ నిజమే రాసినాడు పాపా" అన్నాడు.

ఆ కండక్టరు కూతురే తన జట్టని తెలిశాక మునిరాజు క్షమాపణ చెప్తాడనుకుంది. ఆ పిల్లాడు చెప్పలేదు. రెడ్డెప్ప టీకి ఇరవై ఐదు నిమిషాలు కేటాయించి ప్రోగ్రాంలో పెట్టేశాడు.

అట్లా మొదలైంది. దారులు వెతికే లెక్కంతా మునిరాజు రాసేవాడు, తెర మీద కనిపించేదంతా అంబిక చేసేది. మునిరాజు వాళ్ల నాయన పాపన్న పట్టుపురుగులు పెంచుతాడు. పురుగులకు మల్బరీ ఆకు వేసి, చేతులు కడుక్కుని, సైకిలెక్కి మునిరాజు కుప్పంలో నెట్ సెంటరుకు వచ్చేవాడట. ఒకరోజు ఆలస్యమైందేమని అడిగితే, "ఇరవై వేల నోళ్లకు టిఫిను పెట్టి వస్తాండాను" అని రాశాడు. అంబిక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. కంప్యూటరు చూసి నవ్వే పిల్లను శ్రీనివాసులు అదివరకు చూడలేదు. మౌసు మార్చాలా అని అడిగి పోయాడు.

మూడో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది. నాలుగో వారానికి, ఆరు కొడితే అంబిక కళ్లు చాట్ కిటికీలోనే ఉండేవి. మాటకు మాట అంత చురుగ్గా అందించే మనిషి ఆమెకు కాలేజీలో ఒక్కరూ తగల్లేదు.

ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద వాన పట్టుకుంది. నెట్ సెంటరు రేకుల మీద వడగళ్లు పడి ఒకటే మోత. అప్పుడే తెర మీద ఒక వాక్యం మొదలైంది. "అంబికా, నవ్వేటప్పుడు నువ్వు ఎట్లుంటావో" అన్నంతవరకు వచ్చి కరెంటు పోయింది. నల్లబడిన తెరలో ఆమె మొహమే ఆమెకు కనిపించింది. నవ్వుతా ఉండాది.

మర్నాడు మిగిలిన వాక్యం ఏమిటని అడిగింది. "ఎట్లుంటావో మన డేటాబేసులో లేదు అని రాయబోయినా" అన్నాడు. ఆమె తిట్టింది. ఆ తిట్లను అతడు దాచుకున్నాడని ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆరో వారంలో, వాళ్ల పని చూసే కమలాక్షి మేడం బెంగళూరు నుంచి మెయిల్ పెట్టింది. రివ్యూలో ఇద్దరూ చెరి పది నిమిషాలు ఫోన్లో మాట్లాడాలి. ఎవరు చేసింది వాళ్లే వివరించాలి.

ఒకసారి ఫోన్లో మాట్లాడుకుని ప్రాక్టీసు చేద్దామని అంబిక రాసింది. ఫోను చెడిపోయిందన్నాడు. రెండ్రోజుల తర్వాత అడిగితే గొంతు నొప్పన్నాడు. ఇంకో రోజు పురుగులు గూడు కడుతున్నాయన్నాడు. చివరికి అతడి వివరాల్లో ఉన్న నంబరుకు తనే చేసింది. అవతల ఎత్తారు. ఊపిరి వినిపించింది. మాట రాలేదు. పెట్టేశారు. మూడుసార్లు అట్లే జరిగింది.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. చాట్‌లో ఒకరి పేరుతో ఇంకొకరు మాట్లాడతారని హాస్టల్లో అమ్మాయిలు చెప్పుకునేవాళ్లు. ఆరు వారాలు తనతో నవ్విందెవరు? మర్నాడు కోపమంతా కుమ్మరించి రాసింది. "నోరు తెరిసి మాట్లాడేకి నేను పనికిరానా? లేకుంటే అసలు మునిరాజనే మనిషే లేడా?"

చాలాసేపటికి జవాబు వచ్చింది. "మనిషి ఉండాడు. రివ్యూ నువ్వు ఒక్కదానివే చెయ్యి. నా పేరు తీసేయమని మేడంకు రాసేసినా. నేను చేసిందంతా నీ పేరు మీదే పెట్టుకో."

అది చదవగానే అంబిక కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఉద్యోగం కోసం పని చేసేవాడు ఆరు వారాల కష్టాన్ని అట్లా ఇచ్చేస్తాడా? ఇంటికి పోయి నాయన దగ్గర కూచుని మొత్తం చెప్పింది. ఆయన రేపు తన బస్సులోనే రమ్మన్నాడు.

కుప్పం బస్టాండులో దిగేసరికి తొమ్మిదీ నలభై. మునిరాజు ఊరికి ఎట్లా పోవాలో నాయనను అడగబోయింది. ఆయన గోడ పక్కన నిలబడిన ఒక పొడుగాటి పిల్లాడి వైపు గడ్డంతో చూపించాడు.

"దినామూ మనం వచ్చే టైం రాసుకునేది ఆ పిల్లోడే. బస్సెక్కినా ఊరి పేరు చీటీలో రాసి ఇస్తాడు. పాపం, మూగోడనుకుంటా."

పిల్లాడి చేతిలో నోటుపుస్తకం ఉంది. అంబిక దగ్గరికి పోయి, "మునిరాజూ" అంది.

అతడు ఆమెను చూశాడు. రెడ్డెప్ప బస్సు దిగి తన పేరు పిలిచిన అమ్మాయి ఎవరో ఆ క్షణంలోనే పోల్చుకున్నాడు. పెదాలు తెరుచుకున్నాయి. "అం... అం..." దగ్గర మాట చిక్కుకుపోయింది. మెడ నరాలు లేచాయి, మొహం ఎర్రబడింది. చేయి నోటుపుస్తకంలో పెన్ను కోసం వెతికింది.

ఆమెకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూచుంది.

"నువ్వు సెప్పు. నాకేం తొందర లేదు. బస్సు మధ్యాహ్నం దాకా పోదు" అంది.

అతడు చెప్పాడు. ఒక్కో మాటకు ఒక్కో గుట్ట ఎక్కినట్టు చెప్పాడు. చిన్నప్పటి నుంచీ నత్తి. మొన్న వైవాలో బయటి కాలేజీ సారు వాచీ చూసుకుని, చాలు పొమ్మన్నాడట. చాట్‌లో వాచీ చూసేవాళ్లు లేరు. జీవితంలో మొదటిసారి తను గడగడా మాట్లాడాడు, ఎదుటి మనిషి నవ్వింది. ఫోనెత్తితే ఆ మునిరాజు చచ్చిపోతాడని భయపడ్డాడు.

ఆఖరికి, "నీ... నీ ముందర... ఆ మునిరాజుగానే ఉండిపోదామనుకున్నా" అన్నాడు.

"టీకి టైం కట్టినోడు నువ్వే కదా?"

అవునని తలూపాడు.

"అయితే నాకు తెలిసిన మునిరాజు నువ్వే. నీ పేరు తీసేస్తే నా పేరు కూడా తీసేయమని రాస్తా. రాయాల్నా?"

అతడు వద్దన్నాడు. ఆ ఒక్క మాట తడబడకుండా వచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే అంబిక కమలాక్షి మేడంకు, మునిరాజు అనుమతితో, ఉన్నదున్నట్టు రాసింది. మా రివ్యూకి ఇరవై నిమిషాలు చాలవు అంది. ఎంతసేపైనా తీసుకోండని మేడం జవాబిచ్చింది.

రివ్యూ నాడు రెడ్డెప్పకు కుప్పం నుంచి మదనపల్లెకు పోయివచ్చే బస్సులో డ్యూటీ పడింది, మునిరాజు అందులోనే వచ్చాడు. పుంగనూరులో అంబిక ఎక్కింది. మదనపల్లెలో ఇంకో బస్సు మారి, అంగళ్లు కాలేజీ ల్యాబులో స్పీకరు ఫోను ముందర కూచున్నారు. అంబిక వంతు సులువుగా అయిపోయింది. మునిరాజు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. గడియారం ముల్లు కదులుతోంది. అవతల ఎవరో కొత్త గొంతు, లైను కట్టయిందా అని అడిగింది. అతడి బదులు తనే చెప్పేద్దామని మాట అంబిక నాలుక చివరిదాకా వచ్చింది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"లైను ఉంది సార్. ఆయన మాట్లాడుతున్నారు" అని మాత్రం చెప్పింది.

అతడు మాట్లాడాడు. ముప్పై ఐదు నిమిషాలు. దారి ఎట్లా వెతికిందీ, రెండు బస్సులు తప్పిపోతే మూడోది ఎట్లా దొరికేదీ, ఒక్కటీ వదల్లేదు. చివర్లో ఆ కొత్త గొంతు నాలుగు ప్రశ్నలు అడిగింది. నాలుగింటికీ ఓపిగ్గా జవాబు విన్నది. ఇద్దరూ వచ్చే నెల బెంగళూరు వచ్చి, చదువయ్యాక చేరే ఉద్యోగానికి కాగితాలు తీసుకోవాలని కమలాక్షి మేడం అప్పుడే చెప్పేసింది.

సాయంత్రం మదనపల్లె నుంచి తిరుగు బస్సు కూడా రెడ్డెప్పదే. కిటికీ బయట సన్న జల్లు. ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూచుని ఒకే వాన చూస్తూ వచ్చారు. పుంగనూరులో అంబిక దిగింది. మునిరాజు మెట్టు దాకా వచ్చి ఆమె పేరు మొదలుపెట్టాడు. పేరే సగంలో ఆగింది. లోపల ఎవరో, పోనీప్పా అని విసుక్కున్నారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. రెడ్డెప్ప రైట్ చెప్పలేదు.

"ఉండండప్పా. పిల్లోడు ఏదో సెప్తాండాడు" అన్నాడు.

బస్సంతా ఆగింది. జల్లులో తడుస్తూ అంబికా ఆగింది.

"నువ్వంటే... నా... నాకు చానా ఇష్టం."

ఎప్పుడూ మాటకు తడుముకోని అంబిక అప్పుడు తల పైకెత్తి అతడి వైపే చూస్తూ, నాకూ అని పెదాలతో అంది. శబ్దం రాలేదు. అతడికి వినబడింది.

రెడ్డెప్ప కూతురిని చూశాడు, పిల్లాడిని చూశాడు, గొంతు సవరించుకుని రైట్ అన్నాడు.

ఆ బస్సు రాత్రి కుప్పంలోనే ఆగుతుంది. మర్నాడు ఇంటికొచ్చిన నాయన కాళ్లు కడుక్కుంటుంటే, అంబిక తువ్వాలు పట్టుకుని నిలబడింది. పాపన్న ఇంట్లోనే భోంచేశానని, మంచి మనిషని, పట్టుగూళ్లు చూపించాడని ఆయన నిదానంగా చెప్పాడు. చదువులు ముగిసినాక సంబంధం మాట్లాడేకి వాళ్లే ఈడికి వస్తారట.

మునిరాజు ఏమన్నాడో అడగబోయి, ఆమె తువ్వాలు ముందుకు చాచింది.

రెడ్డెప్ప తువ్వాలు అందుకుని మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఆ పిల్లోన్ని మూగోడనుకుంటినే పాపా. నిన్న పలమనేరు దాటినాక మొదలుపెట్టినాడు సూడు, కుప్పం దాకా నన్ను ఒక్క మాట మాట్లాడనీలా."