సోల్వే వదిలేసిన ఫైలు

ఆమె కూర్చోమంది. నేను కూర్చోలేదు.

మా విస్కాన్సిన్ ఊళ్ళో మాజీ సైనికుల ఆఫీసు కౌంటీ కోర్టు కింది అంతస్తులో ఉండేది. వానాకాలమంతా తడిసిన కోట్ల వాసన, మాడిన కాఫీ వాసన. నేను వెళ్ళింది ముసలి ఆఫీసరు వెర్న్ గారి కోసం. తీరా చూస్తే ఆయన పక్కన కొత్త బల్ల, దాని వెనక సోల్వే. హైస్కూల్లో నాతో చదివిన సోల్వే, శుక్రవారం సాయంత్రాలు ఊరి హాల్లో చేపల విందయ్యాక నాతో పోల్కా డాన్సు ఆడిన సోల్వే. నేను సైన్యంలో చేరాక ఆమె కాలేజీకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చిందని నాకెవరూ చెప్పలేదు.

"గేలెన్, నువ్విలా నిలబడితే నా మెడ పట్టేస్తుంది. దానికి క్లెయిమ్ ఎవరి మీద వేయాలి?"

"ఎక్కువసేపు ఉండను. నా అప్పీలు ఎంతవరకు వచ్చిందో చెప్పు, పోతాను."

"ఎక్కడిదక్కడే ఉంది. తుంటి సంగతి చెప్పు."

"తుంటికేం?"

"తలుపు దగ్గర్నుంచి నడిచొచ్చావుగా. నాకు కళ్ళున్నాయి."

అసలు సంగతేమిటంటే, కూర్చుంటే మళ్ళీ లేవాలి. లేవాలంటే బల్ల పట్టుకోవాలి, పళ్ళు బిగించాలి. అది సోల్వే చూడటం నాకు చచ్చినా ఇష్టం లేదు.

సైన్యంలో ట్రక్కు మీదనుంచి దూకినప్పుడు నా ఎడమ మోకాలు పోయింది. అది ఉద్యోగంలో తగిలిన దెబ్బేనని ప్రభుత్వం ఒప్పుకుంది గానీ, పెద్ద దెబ్బేం కాదని పరిహారం తక్కువిచ్చింది. నేను అప్పీలు చేశాను. ఆ అప్పీలు ఏళ్ళ తరబడి కదల్లేదు. ఈలోగా ఆ కాలి బరువంతా మోసీ మోసీ కుడి తుంటి అరిగింది.

"దానికి వేరే క్లెయిమ్ వేయలేదేం?" అంది సోల్వే.

"అప్పీలు నడుస్తుండగా ఇంకోటి వేస్తే మొదటిదాని వరస పోతుందట. మళ్ళీ చిట్టచివర్న నిలబెడతారట."

"ఎవరు చెప్పారు?"

"బార్లో అందరూ అంటారు."

వెర్న్ గారు కాఫీ కప్పులోకి చూస్తూ నిట్టూర్చారు. "ఆ బార్లో న్యాయశాస్త్రం చదివినవాళ్ళు నలభైమంది ఉన్నారమ్మా. ఒక్కడూ పాసవలేదు."

సోల్వే నవ్వలేదు. "హాల్లో చేపలు తిన్నావుగా. ముక్క చిన్నది వేశారని ప్లేటు వంటింటికి వెనక్కి పంపావనుకో. అది వచ్చేదాకా పక్కన బంగాళాదుంప అట్టు అడగకూడదా?"

"అడగొచ్చు."

"ఇదీ అంతే. మోకాలిని వాళ్ళు ఒప్పుకున్నారు. గొడవల్లా అదెంత పెద్ద దెబ్బన్నదే. ఆ గొడవ దారి దానిది. మోకాలి వల్ల తుంటి పోయిందన్నది సెకండరీ క్లెయిమ్, దాని దారి దానిది. అనవసరంగా ఇన్నేళ్ళు కుంటుతూ తిరిగావు. ఇప్పటికైనా కూర్చుంటావా?"

"నిలబడే సంతకం పెడతాను."

"మొండిఘటం. ఏం మారలేదు."

ఆ వేసవంతా నేను ఏదో ఒక కాగితం పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. కొన్ని కాగితాలు ఆమె అడగనివి కూడా. ఆమె వాటిని తిరగేసి, "ఇది మీ ట్రాక్టరు వారంటీ" అని నవ్వుతూ తిరిగిచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఆమె నవ్వు చూడటానికే మెట్లు దిగేవాణ్ణి. ఆ మెట్లు నాకు నరకం.

డాక్టరు దగ్గర చిక్కు వచ్చిపడింది. మోకాలి వల్లే తుంటి అరిగిందని రాయాలంటే, ముందు నా నడక ఎలా ఉండేదో, ఎప్పుడు మారిందో ఆయనకు తెలియాలి. అప్పటి వైద్యం కాగితాలు లేవు.

"మీవాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పొచ్చు. చూసిన మనిషి కావాలి, అంతే," అంది సోల్వే.

"అమ్మ పోయింది. సైన్యంలో స్నేహితులు కుంటుతున్న గేలెన్నే చూశారు. అంతకుముందు వాణ్ణి ఎవరు చూశారు?"

ఆమె నా కాళ్ళవైపు చూస్తూ పెన్ను తిప్పింది. నాకెక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో తెలియదు.

"శుక్రవారం హాలుకి వస్తావా? డాన్సుకి కాదు. చేపలకే."

"ఈ బల్లకి ఇటుపక్క కూర్చున్నంతకాలం రాను. నువ్వు నా కేసువి. వెర్న్ గారికి తెలిస్తే తోలు తీస్తారు."

"తీస్తాను," అన్నారు మూలనుంచి వెర్న్ గారు.

మరుసటి వారం వెళ్తే నా ఫైలు ఆయన బల్ల మీద ఉంది. సోల్వే కుర్చీ ఖాళీ.

"ఆ అమ్మాయి నిన్ను వదిలేసిందోయ్. ఇకనుంచి నువ్వు నా నెత్తిన పడ్డావు."

"ఎందుకట?"

"నన్నడుగుతావేం? ఆమెనడుగు."

హాలుకి రమ్మన్నందుకే ఇలా చేసిందనుకున్నాను. ఒకసారి ఏమీ చెప్పకుండా సైన్యానికి బస్సెక్కి పోగొట్టుకున్నాను, ఈసారి చెప్పి పోగొట్టుకున్నాను. మెట్లెక్కి బయటికి వచ్చేసరికి జోరున వాన. అరుగు మీద కాఫీ డబ్బాలతో సోల్వే ఎదురైంది.

"ఏమిటా ముఖం? ఎవరైనా పోయారా?"

"నా ఆఫీసరు పోయింది. రమ్మన్నది తప్పయితే మొహం మీదే చెప్పాల్సింది."

"తప్పా?" ఆమె డబ్బాలు గోడమీద పెట్టింది. "గేలెన్, కేసు నడిపే మనిషే ఆ కేసులో సాక్ష్యం చెప్పకూడదనేది వెర్న్ గారి రూలు. రెంటిలో ఒకటే ఎంచుకోమన్నారు. సాక్ష్యం ఎంచుకున్నాను."

"నువ్వేం చూశావని?" అన్నాను.

"హాలు మెట్లు రెండేసి దిగేవాడివి. చివరి మెట్టు ఎప్పుడూ తొక్కేవాడివి కాదు, దూకేవాడివి. ఇప్పుడు ముందు కుడికాలు పైమెట్టున ఉంచి, ఎడమది దించి, ఆగి, ఊపిరి తీసుకుంటావు. నువ్వు సెలవుకి వచ్చినప్పుడల్లా నేనూ కాలేజీనుంచి ఇంటికొచ్చి చర్చి బయట చూశాను. ప్రతిసారీ కొంచెం కొంచెం మారింది. నువ్వు నన్ను చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"ఎందుకు?"

"ఇది కూడా డాక్టరు రాసివ్వాలా? ప్రేమించాను కాబట్టి. ఇప్పుడు నేను నీ ఆఫీసర్ని కాను. మళ్ళీ అడుగు."

"నేను పోల్కా ఆడలేను సోల్వే."

"అడుగు ముందు."

అడిగాను.

తుంటి క్లెయిమ్ మంచు పడేలోపే గెలిచింది. అప్పీలు మా పెళ్ళయ్యాక కూడా కదల్లేదు. ఇప్పుడు ఆ హాలు లేదు, వెర్న్ గారూ లేరు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టేది ఆ శుక్రవారమే.

చేపలు తిన్నాం, అట్లు తిన్నాం. వాయిద్యాలవాళ్ళు పోల్కా ఆపి నెమ్మదిగా సాగే వాల్ట్జ్ డాన్సు పాట మొదలుపెట్టారు. సోల్వే లేచి నా ఎదుట నిలబడింది. నేను కూర్చునే ఉన్నాను. హాలంతా చూస్తోంది. బల్ల పట్టుకున్నాను, పళ్ళు బిగించాను, మెల్లగా, వంకరగా, చాలాసేపటికి లేచాను. ఆమె చెయ్యి అందించలేదు, చూపూ తిప్పుకోలేదు. నేను పూర్తిగా నిలబడ్డాక నా కుడిపక్కకి వచ్చి, తుంటి మీద బరువు పడకుండా తన భుజం ఆసరా ఇచ్చింది.

"ఇప్పుడు చూశావుగా," అన్నాను.

"చూశాను. పద."