గడ్డి నిలువెత్తు పెరిగే నెల

ఆదివారం కావడంతో కింద కళ్ళజోళ్ళ షాపు షట్టరు తెరవలేదు. పైన భోజనాల బల్ల మీద మాత్రం పన్నెండు నెలలూ పరిచి ఉన్నాయి. నెలకో కాగితం. ఆఫ్రికాలో ఆ నెల వాన ఎంత పడుతుందో, గడ్డి ఎంత ఎత్తు ఉంటుందో, ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు అద్దాలాయన. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ పేటలో సగం ముక్కుల మీద ఆయన అమర్చిన కళ్ళజోళ్ళే ఉన్నాయి కనుక అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆయనకో జబ్బుంది. షాపులో కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అద్దం మార్చి మార్చి "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని అడిగీ అడిగీ, ఆ ప్రశ్న ఇంట్లోకి కూడా ఎక్కి వచ్చింది. కర్టెన్లు కొన్నా అదే ప్రశ్న, బకెట్టు కొన్నా అదే ప్రశ్న. కూతురికి సంబంధం చూడబోయి కూడా అలాగే అడిగితే, ఆ పిల్ల నవ్వి మూడోవాణ్ణి తెచ్చి ఎదురుగా నిలబెట్టింది.

"ఏమోయ్, తేలిపోయింది," అన్నాడు వంటింటి వైపు తిరిగి. "పది నెలలు కొట్టేశాను. మిగిలినవి రెండే. జూలై, సెప్టెంబరు. మొదటిదా, రెండోదా?"

భార్య కప్పు అంచు లోపలికి వేలు ఆనించి టీ పోస్తోంది. టీ వేలికి తగలగానే ఆపి, కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వేలు కాలదుటోయ్?"

"నా వేలు, నా టీ. మీకేం?" అంది. "నేను నవంబరు అన్నాను. పోయిన వారమూ అదే అన్నాను, అంతకు ముందు వారమూ అదే అన్నాను."

"నవంబరా!" ఆయన ఆ కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. "నవంబరులో వాన మొదలవుతుంది. గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. ఏనుగు ఎదురుగా నిలబడినా కనపడదు. అదే ఎండాకాలం అయితే గడ్డి ఎండి నేలకి పడిపోతుంది, జంతువులన్నీ నీళ్ళ దగ్గరికి చేరతాయి. అరచేతిలో పెట్టి చూపించినట్టుంటుంది!"

"ఎనిమిదేళ్ళుగా చూపిస్తూనే ఉన్నారు, ఈ బల్ల మీద. ఆలస్యం అమృతం విషం అన్నారు."

ఎనిమిదేళ్ళ మాట నిజమే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన రోజున, "నీకేం కావాలో కోరుకో" అని ఆయన మహారాజులా అడిగాడు. నగో చీరో అడుగుతుందనుకుంటే, "ఒక్కసారి ఆఫ్రికా అడవికి వెళ్ళి రావాలండీ" అంది. ఆ రోజునుంచీ ఆయన పరిశోధన మొదలైంది. ఎప్పుడు వెళ్తే సింహం బాగా కనపడుతుంది, ఎప్పుడు వెళ్తే నది దాటే మందలు కనపడతాయి అని చదివి చదివి, షాపుకొచ్చినవాళ్ళకి సైటుతో పాటు జీబ్రాల గురించి కూడా ఉచితంగా చెప్పి పంపేవాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు అయింది. "అమ్మడు వచ్చింది," అంది తల్లి, తలుపు తెరుచుకోకముందే. "ఇవాళ కుడికాలు కాస్త ఈడుస్తోంది, చెప్పు తెగినట్టుంది."

నిజంగానే తెగిన చెప్పు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది కూతురు. రెండు వీధుల అవతల కాపురం. ఫిజియోథెరపీ చేస్తుంది. వచ్చీ రాగానే దారిలో ఉన్న స్టూలుని కాలితో దాని పాత చోటికి, గోడవారకి జరిపి, లాప్‌టాప్ తెరిచింది.

"నాన్నా, ఆ అడవి బసలో జూలైకి ఒక్క గదే మిగిలింది. సాయంత్రంలోగా చెప్పాలి. కానీ అమ్మ నవంబరు అంటోంది కదా, ఒకసారి ఆలోచించు."

"నువ్వు కూడానా? మీ అమ్మకి వంత పాడటానికే వచ్చావా?" అన్నాడు. "ఉండండి, ఇద్దరికీ బుద్ధి వచ్చే మందు తెచ్చాను."

ఆయన గదిలోకి వెళ్ళి పెట్టె తెచ్చాడు. లోపల కొత్త బైనాక్యులర్. ఆరునెలలు వెతికి, చేతిలో పట్టి బరువు చూసి, అద్దాల పనివాడిగా దాని కటకాల్ని మెచ్చుకుని మరీ కొన్నాడు. పెళ్ళినాటి కుర్రాడిలా ముఖం వెలిగిపోతూ భార్య చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళి, దాన్ని ఆవిడ కళ్ళకి ఆనించాడు.

"చూడు! ఎదురు మేడ మీదకి చూడు. ఎలా ఉంది?"

ఆవిడ మధ్యలో ఉన్న చక్రాన్ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పింది. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ! ఎదురింటావిడ పూలకుండీలు లెక్కపెట్టొచ్చు. ఆకులు కూడా కనిపిస్తున్నాయి."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తొందరలో ఆయన కటకాల ముందున్న నల్లటి మూతలు తియ్యలేదు. రెండూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. గుమ్మంలో నిలబడిన కూతురు కూడా ఆ మూతల్ని చూసి, కళ్ళు దించుకుంది.

"కిందికి రా," అన్నాడు ఆయన. ఆ గొంతు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

షట్టరు సగం ఎత్తి, లైటు వేసి, భార్యని కుర్చీలో కూర్చోబెట్టాడు. అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేము ముక్కు మీద పెట్టాడు. ఎదుటి గోడకి అక్షరాల బోర్డు వెలిగింది. ఒక అద్దం దించాడు, తీశాడు, ఇంకోటి దించాడు.

"మొదటిది బాగుందా..." అద్దం మార్చాడు. "రెండోది బాగుందా?"

ఆవిడ ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంక వద్దండీ. ఏడాదిన్నరగా మీరు అడిగిన ప్రతిసారీ మీ గొంతు విని చెబుతున్నాను. ఏది సరైన అద్దమో అది పెట్టేటప్పుడు మీ గొంతు ఆశగా లేస్తుంది. నేను ఆ అద్దమే బాగుందంటాను. మీరు సంతోషిస్తారు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. మిగతాది కూతురు చెప్పింది. కంటి వెనక పొర పాడైపోయింది. చూపుకి నడిమధ్య మసక, చుట్టూ అంచుల్లో మాత్రం కాస్త కనిపిస్తుంది. పెద్దాసుపత్రిలో ముగ్గురు డాక్టర్లకి చూపించింది. అద్దాలతో వచ్చే చూపు కాదని ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసు!" అని లేచాడు ఆయన. "నీకైనా నోరు లేదా అమ్మడూ? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"అమ్మ ఒట్టేయించుకుంది నాన్నా..."

"వేలు పెట్టి టీ పోస్తుంటే చూశాను. స్టూలు జరిపితే కసురుకుంటుంటే విన్నాను. ఈ పేటలో అందరి కళ్ళూ చూసినవాణ్ణి, నా ఇంటిదాని కళ్ళు చూడలేకపోయాను. దీపం కింద చీకటంటే ఇదే!" ఆయన అటూ ఇటూ తిరిగి చటుక్కున కూతురి భుజం పట్టుకున్నాడు. "జూలై కూడా వద్దు. వచ్చే వారమే వెళ్దాం. గది దొరక్కపోతే గుడారమైనా సరే. ఆ మిగిలిన అంచులు కూడా పోకముందే మీ అమ్మ సింహాన్ని చూడాలి!"

"నేనెప్పుడు చూడాలన్నాను?" అంది ఆవిడ.

ఆయన తిరిగి చూశాడు.

"వెళ్ళాలన్నాను. చూడాలని ఎప్పుడైనా అన్నానా? ఎనిమిదేళ్ళుగా జూలైనా సెప్టెంబరా అన్నారు గానీ, అసలు ఆఫ్రికా ఎందుకే అని ఒక్కసారైనా అడిగారా?"

ఆయన నిజంగానే అడగలేదు. ఆఫ్రికా అంటే జంతువులు, జంతువులంటే చూడటం. కళ్ళ వ్యాపారం చేసేవాడికి అందులో అడగాల్సింది ఏముంటుంది?

"ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు?" అన్నాడు, స్టూలు జరుపుకుని ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంటూ.

ఆవిడ చేతిలోని ఫ్రేముని తడిమింది. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫ్రికానుంచి ఓ ట్రంకాల్ కలిపాను. అడవిలో పనిచేసే అబ్బాయి తల్లికి చేశాడు. కలిపాక మేం లైను వదిలెయ్యాలి, అది రూలు. నేను వదల్లేదు. 'అక్కడ ఎలా ఉందిరా?' అని ఆ తల్లి అడిగింది. ఆ పిల్లవాడికి చెప్పటం చేతకాలేదు. 'ఇప్పుడే వాన ఆగిందమ్మా, విను' అని రిసీవరు కిటికీ బయట పెట్టాడు. కప్పలు, పిట్టలు, రేకుల మీంచి జారే చినుకులు. దూరంగా ఏదో పెద్ద జంతువు గడ్డి తెంపుకుంటున్న చప్పుడు. తల్లీ మాట్లాడలేదు, కొడుకూ మాట్లాడలేదు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆ వేళ నవంబరు పన్నెండు. లాగ్‌బుక్కులో నేనే రాశాను."

కూతురు తల్లి భుజం మీద తల వాల్చింది. ఈ కథ దానికీ తెలియదు.

"ఎండాకాలంలో జంతువులు కనిపిస్తాయేమో గానీ, అన్ని గొంతులు వినిపించవట. అమ్మడు చదివి చెప్పింది. కళ్ళు పోతున్నాయని నాకు దిగులు లేదని అనను. చాలా ఉంది. కానీ నా ఆఫ్రికా మాత్రం ఎక్కడికీ పోలేదు." ఆవిడ చెయ్యి చాపి ఆయన చెంప వెతుక్కుంది. "మీకు చెప్పకపోవడం తప్పే. ఊరందరికీ చూపునిచ్చి పెళ్ళానికి ఇవ్వలేకపోయానని కుమిలిపోతారనుకున్నాను."

"కుమిలిపోతానే," అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా వెక్కుతూ. "కానీ నీ పక్కన కూర్చుని కుమిలేవాణ్ణి కదా! ఒక్కదానివీ ఎందుకు మోశావు?"

"అదీ నిజమే. పెరట్లో చెట్టు మందుకి పనికిరాదనుకున్నాను," అంది ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ.

మేడ మీదకి వెళ్ళాక ఆయన నవంబరు కాగితం తీసి చదివాడు. 'పనికిరాదు. గడ్డి ఎత్తు. ఏమీ కనిపించదు' అని తన చేతిరాతే. అది కొట్టేసి, కాగితం కూతురి చేతిలో పెట్టి, గోడవార ఉన్న స్టూలుని దాని చోట ఇంకాస్త నొక్కి పెట్టాడు. "ఇక్కణ్ణుంచి ఎవరైనా జరిపారో, కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడు.

"విరిగితే మళ్ళీ నడిపించేది నేనేగా," అంది కూతురు గది బుక్ చేస్తూ.

నవంబరు రెండో వారంలో ఆ అడవిలో నిజంగానే ఏమీ కనిపించలేదు. గడ్డి జీపు కిటికీల పైదాకా ఉంది. పొద్దున్నుంచీ పడిన వాన అప్పుడే తెరిపిచ్చింది. డ్రైవరు పాపం మొహమాటంగా, జూలైలో రావాల్సింది అన్నట్టు చేతులు తిప్పి చూపించాడు. అద్దాలాయనకి ఆ చేతులు బాగానే అర్థమయ్యాయి గానీ, నోరు మెదపలేదు.

"ఇంజను ఆపమనండి," అంది ఆవిడ.

ఆపగానే అడవి మొదలైంది. ఒక పిట్ట అడిగితే ఇంకో పిట్ట జవాబు చెబుతోంది. ఎక్కడో నీటి మడుగులో కప్పలు గుంపుగా అందుకున్నాయి. ఆవిడ తల కాస్త వంచి, ఎక్స్ఛేంజిలో కూర్చున్నట్టే కూర్చుంది.

"ఏమండీ, కుడివైపు ఏదో పెద్దది. గడ్డి తెంపుతోంది."

డ్రైవరు ఆమె చూపించిన వైపు వెతికి తల అడ్డంగా ఊపాడు. అయిదు నిమిషాల తరవాత గడ్డి రెండుగా చీలి, తడిసిన చెవులు ఊపుకుంటూ ఏనుగు బయటికి వచ్చింది. డ్రైవరు ఏనుగుని వదిలేసి ఆవిడ వంకే చూశాడు.

అప్పుడే ఫోను మోగింది. "అమ్మా! అక్కడ ఎలా ఉంది?" అంది కూతురు.

"ఏనుగే తల్లీ! ఇంత పెద్ద..." అని అద్దాలాయన అరవబోతే, భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"లైన్లో ఉండు అమ్మడూ," అంది. ఫోను కిటికీ బయటికి చాపి, అలాగే పట్టుకుంది.

అవతల కూతురు మాట్లాడలేదు. ఇవతల ఎవరూ మాట్లాడలేదు. కన్నీళ్ళకి అద్దాలు మసకబారి ఎదురుగా ఉన్న ఏనుగు అద్దాలాయనకి కూడా బూడిదరంగు ముద్దలా ఉంది. ఎప్పుడూ జేబులో మెత్తటి గుడ్డతో తిరిగే మనిషి, ఆ రోజు మాత్రం తుడుచుకోలేదు. భార్య చెయ్యి పట్టుకుని, ఆవిడతో పాటు వింటూ కూర్చున్నాడు.