జవాబు వచ్చే వారం

నాది అనుమానపు బుద్ధి. పుట్టగానే అందరిలా ఏడవకుండా చుట్టూ ఉన్నవాళ్ళని ఎగాదిగా చూశానని మా అమ్మ వెక్కిరించేది. ఆ బుద్ధే నాకు అన్నం పెడుతోంది. యూనివర్సిటీ విద్యార్థులకి నేను కౌన్సెలర్‌ని. పిల్లలు వచ్చి "ఏం లేదు మేడమ్, కాస్త నిద్ర పట్టట్లేదు, అంతే" అంటారు. ఆ "అంతే" ఉంది చూశారూ, దాన్ని నేను ఛస్తే నమ్మను. అక్కడి నుంచే తవ్వడం మొదలుపెడతాను.

నా గది లైబ్రరీ వెనక, మెట్ల కింద ఉంటుంది. రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, ఒక ఇనుప బీరువా. పిల్లలు చెప్పినవన్నీ రాసుకున్న ఫైళ్ళు ఆ బీరువాలోనే పెడతాను. తాళంచెవి నా మెడలో గొలుసుకి వేలాడుతుంది. ముందు గదిలో క్లర్కు కూర్చుని వచ్చేవాళ్ళ పేర్లు రాసుకుంటాడు. ఆయన చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా కాంపస్ అంతా తిరిగొస్తుంది. అందుకే ఆయనకి దండోరా అని పేరు పెట్టాను, మనసులోనే లెండి.

నాకొక పద్ధతి ఉంది. మాట్లాడ్డం అయ్యాక ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న ఇచ్చి పంపిస్తాను. "ఇప్పుడేం చెప్పొద్దు. ఇంటికెళ్ళి ఆలోచించు. జవాబు వచ్చే వారం" అంటాను. ఆ వారం రోజులూ ప్రశ్న వాళ్ళ లోపల తిరుగుతూ ఉంటుంది. సగం పని అదే చేసి పెడుతుంది.

మొదటి తేడా పెద్దన్న దగ్గర వచ్చింది. పీహెచ్‌డీ చేస్తున్న మనిషి, ముప్పై దాటాడు కాబట్టి హాస్టల్లో అందరికీ పెద్దన్న. రెండేళ్ళ కిందట ఇతను బండి నడుపుతుంటే ప్రమాదం జరిగి, వెనక కూర్చున్న తమ్ముడు పోయాడు. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేడు. "తమ్ముడు ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడితే మొదట ఏమంటావు?" అని అడిగి పంపించాను.

మరుసటి వారం నున్నగా గడ్డం గీసుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"జవాబు మొన్ననే చెప్పేశాను కదా మేడమ్. మీరే నా గదికొచ్చారు. మంచం అంచున కూర్చుని అడిగారు."

"నేనా?"

"అయ్యో, మీరే. చాలాసేపు విన్నారు కూడా."

నేను విద్యార్థుల గదులకి వెళ్ళను. అది మా వృత్తిలో తప్పు. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "సరే, తమ్ముడి గురించి ఇప్పుడెలా అనిపిస్తోంది?" అన్నాను.

"ఏ తమ్ముడు మేడమ్?" అన్నాడు. హాయిగా నవ్వుతూ అన్నాడు.

బాధ భరించలేక మనసు తలుపులు మూసేసుకోవడం నేను చాలామందిలో చూశాను. ఇదీ అదేనని సర్దిచెప్పుకున్నాను. నన్ను తొలిచింది ఇంకొకటి. నా పేరు చెప్పుకుని ఇతని గదికి వెళ్ళిన ఆ ఆడమనిషి ఎవరు? నా ప్రశ్న ఆమెకెలా తెలిసింది? ఎవరో నా ఫైళ్ళు చదువుతున్నారు. ఇంకెవరు, దండోరానే. వాళ్ళావిడనో, మరదలినో పంపించి ఉంటాడు.

నిలదీసి అడిగేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, మా ఇంట్లో గొడవలే నాకు చాలట్లేదా? ఊళ్ళోవాళ్ళవి కూడా కావాలా?"

నేను నమ్మలేదు. దొంగని పట్టుకోవాలంటే వల వెయ్యాలి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. వలలో ఎరగా నా దగ్గరికి వచ్చే పిల్లనే పెట్టాను.

ఆ పిల్ల మూడో సంవత్సరం చదువుతోంది. బక్కగా ఉండేది, అందరూ పుల్ల అనేవాళ్ళు, తనూ అలాగే చెప్పుకునేది. వాళ్ళమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఫోన్లో దాచుకుంది కానీ ఒక్కటీ వినలేకపోతోంది. "విన్న రోజు అమ్మ నిజంగా పోయినట్టే కదా మేడమ్" అనేది.

ఆ పిల్లకిచ్చిన ప్రశ్న ఫైల్లో రాయలేదు. చెవిలో చెప్పాను. అమ్మ గొంతు మళ్ళీ విన్నప్పుడు తిరిగి ఏం చెప్తావు, అదీ ప్రశ్న.

"ఈ లోపల ఎవరైనా వచ్చి జవాబు అడిగితే చెప్పకు. వెంటనే నాకు మెసేజ్ పెట్టు. నేనే వచ్చి అడిగినా సరే."

పుల్ల కిసుక్కున నవ్వింది. "మీరే వస్తే మీకే మెసేజ్ పెట్టాలా? బావుంది మేడమ్!"

రెండు రోజులకి పెద్ద వాన పట్టుకుంది. మధ్యాహ్నం నాలుగింటికే గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. తడిసిన కాగితం వాసన. మెట్ల మీద నించి నీళ్ళు కారుతున్న చప్పుడు. అప్పుడు పెద్దన్న వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, మా పెద్దవాడికి ఏం వైద్యం చేశారమ్మా?" ఆమె నన్ను మాట్లాడనివ్వలేదు. "చిన్నోడి ఫోటో చూపిస్తే ఎవరీ అబ్బాయి అంటున్నాడు. నవ్వుతున్నాడమ్మా. కలిసి పెరిగారు... ఒక్క రోజు కూడా, ఒక్క ముక్క కూడా గుర్తులేదంట."

తలుపులు మూసుకోవడం కాదిది. లోపల గదే లేదు. జవాబు చెప్పాడు, చెప్పినదాంతో పాటు తమ్ముడూ పోయాడు.

ఫోన్ పెట్టేసేసరికి తెర మీద మెసేజ్ ఉంది. పుల్ల పెట్టింది.

"మీరు వచ్చారు మేడమ్."

గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను. అమ్మాయిల హాస్టల్ గుమ్మంలో వార్డెన్ కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం తెరిచి ఉంది. చివరి వరుసలో నా పేరు. నా సంతకం. చివర కింద గీత గీసి రెండు చుక్కలు పెట్టడం నాకలవాటు. గీత ఉంది. రెండు చుక్కలూ ఉన్నాయి. సిరా ఇంకా ఆరలేదు.

రెండో అంతస్తు. నడవా పొడుగునా ఆరేసిన బట్టల ముక్కిన వాసన. ఒక్క గది తలుపే ఓరగా తెరిచి ఉంది. లోపల్నించి నా గొంతు వినపడుతోంది.

"తొందరేం లేదమ్మా... నెమ్మదిగా చెప్పు..."

తోశాను.

మంచం అంచున ఒక ఆడమనిషి, వీపు ఇటు తిప్పి కూర్చుని ఉంది. నా జడ. నేను కూర్చున్నట్టే, ఎడమ భుజం కాస్త దించి. ఎదురుగా పుల్ల. కళ్ళ నిండా నీళ్ళు. నోరు తెరిచింది.

"అమ్మతో నేను..."

"చెప్పకు!" అని అరిచాను. "ఒక్క ముక్క కూడా చెప్పకు తల్లీ!"

పుల్ల నన్ను చూసింది. దాన్ని చూసింది. గోడకి అంటుకుపోయింది.

అది తిరగలేదు. నేను రోజూ వాడే మెత్తటి గొంతుతోనే అంది. "ఇది ఈ అమ్మాయి సమయం. మీరు బయట కూర్చోండి."

కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. కానీ ఆ పిల్లని అక్కడ పెట్టింది నేను. వాళ్ళమ్మ రెండోసారి పోతే ఆ పాపం నాది.

"నన్ను అడుగు," అన్నాను. "ఆ పిల్లని వదిలెయ్. నన్ను అడుగు."

వాన చప్పుడు ఆగిపోయినట్టైంది. తర్వాత, గుసగుసగా...

"ఎవరు లేకపోతే మీరు బతకలేరు?"

నేను జవాబు చెప్పాను. నోరు తెరవడం గుర్తుంది. వెక్కి వెక్కి ఏడవడం గుర్తుంది. ఏం చెప్పానో గుర్తులేదు. తల ఎత్తేసరికి మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి అంచున ఇంత తడి, అంతే. నా మనసు మాత్రం తేలిగ్గా, హాయిగా ఉంది.

"మీ అమ్మ గుర్తుందా?" అన్నాను ముందు.

"ఉంది మేడమ్. ఆవిడ తిట్టే తిట్లన్నీ గుర్తున్నాయి." పుల్ల నన్ను పట్టుకుని బావురుమంది. "మేడమ్... ఇంటికెళ్ళండి. ముందు మీ ఇంటికెళ్ళండి."

"ఎందుకే?"

"మీకు గుర్తులేదా?" అంది. అంతకుమించి ఎంత గుచ్చి అడిగినా తల అడ్డంగా ఊపుతూ ఏడ్చింది.

దారి పొడుగునా లోపల వెతుక్కున్నాను. మా అమ్మ గుర్తుంది. మా నాన్న దగ్గు గుర్తుంది. నా పెళ్ళీ, అది రెండేళ్ళకే పెటాకులు కావడమూ గుర్తున్నాయి. చిన్నప్పటి స్నేహితుల పేర్లు వరసగా చెప్పుకున్నాను, ఒక్కటీ తప్పలేదు. ఏమీ పోలేదు. నన్ను ఊరికే వదిలేసింది! పిచ్చిదానిలా వానలో నవ్వుకుంటూ నడిచాను.

మా అపార్టుమెంటు తలుపుకి తాళంచెవి పెట్టబోతుంటే లోపల్నించి ఎవరో గడియ తీశారు. ఆరేడేళ్ళ పాప. ముందు పళ్ళు రెండు లేవు. నా మోకాళ్ళని చుట్టేసుకుంది.

పక్కింటివాళ్ళ చుట్టాలేమో అనుకున్నాను. వంగి, మర్యాదగానే అడిగాను. "ఎవరి పాపవమ్మా నువ్వు? లోపలికెలా వచ్చావు?"

పాప మొదట నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. గడ్డం నాదే. కనుబొమ్మలు నావే. చూస్తూ నిలబడ్డాను. నాకేమీ అనిపించలేదు. ఎంత ప్రయత్నించినా... ఏమీ అనిపించలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

పాప వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. మెల్లగా నా బట్టలు వదిలేసి, గుసగుసగా అడిగింది.

"అమ్మా... నువ్వు ఇందాకే వచ్చావు కదా. మళ్ళీ బయటికెప్పుడెళ్ళావు?"

లోపల ధారగా పడుతున్న కుళాయిని ఎవరో కట్టేశారు.