జీను కుట్టు

మూడు దిక్కులా శత్రువుల గుడారాలు, నాలుగో దిక్కున హోరెత్తే సముద్రం. ఆ నడుమ వేలానగర దుర్గం వానకాలమంతా ఆకలితో పోరాడుతూ నిలిచి ఉంది. ధాన్యపు కొట్లు ఊడ్చినట్టున్నాయి. గుర్రపుశాలలో గుర్రాలు లేవు. వాటినేం చేశారో నగరంలో ఎవరూ పైకి అనరు. వాటిని సాకిన అశ్వదళపతి ఎఱ్ఱమ సాహిణి మాత్రం నాటినుండి సరిగా అన్నం ముట్టలేదు.

ఒకనాడు కొప్పదేవ మహారాజు అతనిని ఏకాంతానికి పిలిపించి ఇలా అన్నాడు:

"సాహిణీ! శంఖద్వీపాన్ని ఏలే మా బావమరిదికి ఈ లేఖ అందితే ఆయన నౌకాబలం వస్తుంది. అందకపోతే నగరం దక్కదు. మా కొలువులో పుట్టిన మాట సాయంత్రానికి శత్రుశిబిరం చేరుతోంది. కోట తలుపులు తెరవమని నిత్యం బోధించే మహామంత్రి మాచన మీదనే మా అనుమానం. కనుక నీవు దూతగా కాదు, కూలికి కుదిరిన ఓడవానిగా పోవలె."

"చిత్తం మహాప్రభూ" అన్నాడు సాహిణి. ఎన్నో యుద్ధాలలో ముందు నిలిచిన ఆ వీరునికి మోకాలు దాటిన నీరంటే చచ్చేంత భయం. ఆ సంగతి అతని గుర్రాలకు తప్ప మరెవరికీ తెలియదు.

ఓడ పెద్ద నూకయ తండేలు అతనిని ఎగాదిగా చూసి పనిలో పెట్టుకున్నాడు. ఆ ఓడలో ఒక్క ఇనుప మేకు లేదు. పలకకు పలక ఆనించి, బెజ్జాలు తొలిచి, కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన ఓడ అది.

"ఇలా కుట్టినదాని మీదనా ఇరవై దినాలు?" అన్నాడు సాహిణి.

తండేలు నవ్వాడు. "మేకు కొట్టింది అలకి పగుల్తాదిరా, కుట్టింది వంగుతాది. ఊటంటావా, అది ఉండనే ఉంటాది. కొత్తోడివి గదా, అడుక్కి దిగి నీళ్ళు తోడు."

రెండవనాటి మధ్యాహ్నం, దరి ఇంకా సన్నని గీతలా కనబడుతుండగా, అడుగున చీలమండల దాకా ఉన్న నీరు పిక్కలకెక్కింది. ఎంత తోడినా తగ్గదు. సాహిణి తోడడం ఆపాడు. పారిపోవడానికి నేల ఏది? పలకలను తడుముకుంటూ పోతే ఒకచోట కుట్టు వరుస వేలాడుతూ చేతికి తగిలింది. ప్రతి ఉదయం జీను పట్టీలు తడిమి చూసుకున్న చేతులవి. ఒరిసి తెగితే పోగులు చెదురుతాయి, ఇది కత్తికోత.

తండేలును లోపలికి పిలిచి తానెవరో చెప్పి, లేఖ చూపాడు. తండేలు ముఖం పాలిపోయింది.

"అయ్యా, ఈ కుట్టుకి ఇద్దరుండాల. లోన్నించి నేను తాడంపితే బైటోడు తిప్పి నాకియ్యాల. కోసినోడు మనలోనే ఉన్నాడు. ఆడే బైటికి దిగితే అందరం మునిగిపోతాం."

సాహిణి తెగిన తాడు కొసను వదిలాడు. "జీను కుట్టడం నాకు వచ్చు. నేను దిగుతాను. తండేలూ, నాకు మోకాటి నీరంటేనే భయం. ఈత రాదు. ఎవరితోనూ అనకు."

లేఖ తండేలు చేతిలో పెట్టాడు. చివరి కుట్టు బిగిశాక తాడును మూడుసార్లు గుంజాలని గుర్తు ఏర్పరచుకున్నారు. తెరచాప దించారు. సాహిణి నడుముకు కట్టిన తాడును దాని స్తంభానికి బిగించి, దానికి బొల్లడనే ఓడవాడిని కాపుంచారు. తక్కినవారంతా అడుగున నీళ్ళు తోడుతున్నారు. ఎవరిని నమ్మాలో తెలియనిచోట ఎవరినో ఒకరిని నమ్మక తప్పలేదు.

నీరు గొంతుకెక్కగానే సాహిణికి ఊపిరాడలేదు. అల వచ్చి ముంచినప్పుడల్లా ప్రాణం పోయిందనుకున్నాడు. అల దిగగానే ఒక కుట్టు వేశాడు. ఏడుస్తూనే వేశాడు. ఒక్క బెజ్జం మిగిలింది. అప్పుడు నడుము తాడు పట్టు వదిలి, తెగిన కొస నీళ్ళమీద పడింది.

ఇక అతనిని ఓడకు పట్టి ఉంచినది చేతిలోని పీచు తాడొక్కటే. దాని కొస లోపలికి ఇచ్చేస్తే పట్టుకోవడానికేమీ ఉండదు. అరిచాడు, ఎవరికీ వినబడలేదు. అల మళ్ళీ లేచింది. అతడు తాడు బిగించి, మూడుసార్లు గుంజి, కొసను బెజ్జంలోకి తోసేశాడు.

కొస చేతికందగానే తండేలు ముడివేసి పైకి పరుగెత్తాడు. స్తంభానికి తెగిన తాడు వేలాడుతోంది. ఓడ వెనుకనున్న చిన్న పడవలో బొల్లడు కట్టు విప్పుకుంటున్నాడు. సాహిణి ఎక్కడా కనబడలేదు. పొద్దు వాలేదాకా వెదికారు.

పట్టుబడిన బొల్లడి నోట మహామంత్రి పేరు వచ్చింది. లేఖ శంఖద్వీపం చేరింది. నౌకాబలం వచ్చి ముట్టడి విరిగింది. మాచన తాను తెరవదలచిన కోట తలుపుల ముందే సంకెళ్ళతో నిలబడ్డాడు.

మరుసటి వేసవిలో ఓడను ఇసుక మీదికి లాగి పాత తాళ్ళు విప్పుతుంటే, వడ్రంగి ఒకచోట ఆగి, "ఇది ఓడ కుట్టు కాదే! ఎవడు కుట్టాడిది?" అన్నాడు. చూడవచ్చిన మహారాజు వంగి ఆ వరుసను చేతితో తడిమాడు. అది సాహిణి వేసిన జీను కుట్టని, ఈత రాకుండానే నీళ్ళలోకి దిగాడని పక్కనున్న తండేలు చెప్పాడు.

"సాహిణికి ఈత రాదా?"

"రాదు మహాపెబో. మోకాటి నీరంటేనే భయమన్నాడు. ఎవరితోనూ అనొద్దన్నాడు."

"మాతో అనలేదే" అన్నాడు మహారాజు. అక్కడే ఇసుకలో కూలబడిపోయాడు.

ఓడలో తాళ్ళన్నీ మార్చారు. ఆ ఒక్క వరుసను మాత్రం తండేలు విప్పనివ్వలేదు.