ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య

బ్యాంకు పేరున్న నీలం టెంటును జయప్రకాశ్ సరిగ్గా అరుణశ్రీ ఆఫీసు గుమ్మం ఎదుటే వేయించాడు. కావాలని చేసిన పని కాదు. దుమ్ముగూడెం సెంటర్లో అతనికి నీడ కనిపించిన చోటు అదొక్కటే.

భద్రాచలంలో ఒక చిన్న బ్యాంకు బ్రాంచికి కొత్తగా మేనేజరై వచ్చాడతను. సేవింగ్స్ ఖాతాలు పెంచమని పైనుంచి ఒకటే ఫోన్లు. ఊళ్ళమీద పడక తప్పలేదు.

ఆ గుమ్మం మహిళా పొదుపు సంఘానిది. దాన్ని నడిపే అరుణశ్రీ బయటికొచ్చి, చేతులు కట్టుకుని కాసేపు చూసింది.

"సార్, మీ బ్యాంకుల పొదుపు పెడితే మిత్తి ఎంతిస్తరు?"

"మూడు శాతమండి."

"మేం ఎనిమిది ఇస్తున్నం. మీ టెంటు జర అటు జరపండి, మావాళ్ళకు దారి కనవడ్తలేదు."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. జయప్రకాశ్‌కి చెవులు వేడెక్కాయి. మరి అప్పులిచ్చేటప్పుడు పన్నెండు ఎందుకు గుంజుతున్నారని అడిగేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే గోదారి వైపు నుంచి గాలి లేచింది. వాన దంచింది. టెంటు ఒక పక్కకి ఒరిగిపోయింది. కాగితాలు గుండెకు అదుముకుని నిలబడ్డ మేనేజరుగారిని చూసి ఆమెకు జాలేసి, లోపలికి పిలిచి టీ ఇప్పించింది.

ఎనిమిదికీ పన్నెండుకీ మధ్యనున్న నూటికి నాలుగు రూపాయల్లోనే తన జీతం, ఆఫీసు కిరాయి, తిరిగిరాని అప్పులు అన్నీ వెళ్ళాలని చెప్పింది. మీకైతే ఇంకా ఎక్కువ మిగులుతుంది కదా, ఏం చేసుకుంటారని అడిగింది. మూడు శాతం సేవింగ్స్‌కి మాత్రమేనని, బ్యాంకుకి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఏడు పైన వడ్డీ కట్టాల్సిన ఫిక్సుడు డిపాజిట్లేనని అతను చెప్పాడు. అందుకే ఈ టెంటు అన్నాడు.

"అంటే మూడు శాతానికే అగ్గువకు దొరికే మా ఆడోళ్ళ పైసల కోసం వచ్చిన్రన్నమాట."

అంతేనండి అని టీ గ్లాసు కింద పెట్టాడు. ఆమె నవ్వుతున్నప్పుడు బుగ్గ మీద కనిపించిన సొట్ట మాత్రం బస్సులో భద్రాచలం దాకా వెంట వచ్చింది.

తర్వాతి బుధవారం టెంటు లేకుండానే వెళ్ళాడు. ఆ తర్వాత బుధవారాలకు సాకులు వెతుక్కోవడం కూడా మానేశాడు. ఆంధ్ర సరిహద్దులోని సొంతూరు వేంసూరు నుంచి అతను తెచ్చుకున్న "అండి"ని ఆమె వెక్కిరించేది. ఆమె లెక్కల్లో తప్పులు వెతకబోయి అతను ఓడిపోయేవాడు. అప్పు తీసుకున్నవాళ్ళలో ఎవరు మంచివాళ్ళో, ఎవరు మొండివాళ్ళో మాటల మధ్య ఆమె చెప్పేది.

అంతలో రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు తగ్గించింది. దానికి ముడిపడిన అప్పుల వడ్డీ జయప్రకాశ్ బ్యాంకులో వెంటనే దిగింది. నిరుడు తీసుకున్న డిపాజిట్లకు మాత్రం గడువు తీరేదాకా పాత వడ్డీయే కట్టాలి. మధ్యలో మిగిలేది సన్నబడింది. ఆ లోటు పూడ్చడానికి కొత్త అప్పులు ఇవ్వమన్నారు పైవాళ్ళు. పొదుపు సంఘంలో సక్రమంగా కట్టేవాళ్ళను పదిన్నర శాతానికే అప్పిస్తామని లాక్కురమ్మన్నారు.

అతను ఆ మాట ముందుగా అరుణశ్రీకే చెప్పాడు. ఆమె ముఖం మారిపోయింది.

"ఇన్ని బుధవారాలు మా గుట్టు తెలుసుకోనీకే వచ్చిన్రా?"

లేచి వచ్చేశాడు. ఆమె నోట విన్న పేర్లలో ఒక్కరి ఇంటికీ వెళ్ళలేదు. దుమ్ముగూడెం బస్సూ ఎక్కలేదు.

కొన్ని వారాలకు ఆమే ఫోన్ చేసింది. బ్యాంకు రేటు ఊళ్ళో తెలిసిపోయింది. అప్పుల వడ్డీ తనూ పదిన్నరకు దించాలనుకుంటోంది. అలా దించితే డిపాజిట్ల వడ్డీ ఏడుకు తగ్గించక తప్పదు. సభ్యులేమో మోసమంటున్నారు.

"నాకు చెప్పినట్లే వాళ్ళకు చెప్పండి. ఇంగ్లీషు లేకుండ."

సంఘం వడ్డీ దించితే తన టార్గెట్ గోదాట్లో కలిసినట్టేనని అతనికి తెలుసు. అయినా ఆదివారం సంఘం మీటింగుకు వెళ్ళాడు.

మొదటి వాక్యంలోనే మూడు ఇంగ్లీషు మాటలు దొర్లాయి. అరుణశ్రీ దగ్గింది. మళ్ళీ మొదలుపెట్టాడు. పాత డిపాజిట్లకు మాటిచ్చిన ఎనిమిదే ఇస్తారని, కొత్తవాటికి ఏడని చెప్పాడు. పాతవి తీరేదాకా సంఘానికి రెండున్నరే మిగులుతుందని, అది జీతానికీ కిరాయికీ కూడా కటకటేనని, తర్వాత కాస్త తేరుకుంటుందని వివరించాడు. తమ బ్యాంకుకూ ఇదే ఇబ్బందని, ఇక్కడి అప్పులు తమకు వస్తే కొంత పూడేదని దాచకుండా ఒప్పుకున్నాడు.

"మరి నువ్వెందుకు వచ్చినవ్ బిడ్డా?" అని ముందు వరసలోంచి గురవమ్మ అడిగింది. ఆమె అరుణశ్రీ తల్లి.

"మీ అమ్మాయి రమ్మందండి."

హాలంతా నవ్వింది. అరుణశ్రీ కిటికీ వైపు తిరిగిపోయింది.

గురవమ్మ మాత్రం నవ్వకుండా లేచి నిలబడింది. బొగ్గు గనిలో పనిచేసి భర్త సమ్మయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఆమె పేరిట ఆ సంఘంలోనే ఉంది. అందరికంటే పెద్ద డిపాజిట్ అదే.

"నాది గడువు దాకా ఆగొద్దు. గీ నెల నుంచే ఏడుకు రాయున్రి. నా బిడ్డ ఆఫీసని కాదు, ఆయన దవాఖానాల పడ్డనాడు అప్పిచ్చింది గీ సంఘమే."

కొత్త రేట్లకు సరేనంటూ ఒక్కొక్క చెయ్యే లేచింది. చివరికి లేవనివి రెండో మూడో.

మీటింగు అయ్యాక వరండాలో ఇద్దరే మిగిలారు. సన్నగా వాన.

"ఆ బుధవారాలు నేనొచ్చింది మీ కోసమండి. మొదటి రోజు తప్ప."

"గా మాట ఆ రోజే చెప్పొచ్చు గద."

"నమ్మేవారా?"

"నమ్మకపోతుంటి." చూరు నుంచి జారే నీళ్ళ కింద చెయ్యి పెట్టి, అతని వైపు చూడకుండానే అంది. "ఇప్పుడు నమ్ముతున్న."

గొడుగు పట్టుకుని గురవమ్మ వెనకే వచ్చింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీ ఇంట్లో తెలుసా బాబూ అని అడిగింది. వేంసూరులో ఉన్న అమ్మకి చెప్పానని, వచ్చే ఆదివారం ఇక్కడికి వస్తానందని అతను చెప్పాడు.

"నన్ను అడగకుండనేనా?" అంది అరుణశ్రీ.

"మీరు కాదంటే భద్రాద్రి రాముణ్ణి చూసుకుని వెళ్ళిపోతానందండి."

అరుణశ్రీ నవ్వాపుకుంది.

"ముందు ఇటే రమ్మనండి. రాముని దర్శనం అందరం కలిసి చేసుకుందం."