కలుపు తీసిన ఊరు

పెద్దదాని మీద మోజు పడ్డవాడు చిన్నదాన్ని సరిగా చూసుకోడు. వేణు కూడా అంతే చేశాడు.

సూర్యాపేటలో ఫోటో స్టూడియోలో పనిచేసే వేణుకు చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్ ఒకటి ఉండేది. దాని స్క్రీన్ అగ్గిపెట్టెకు అన్నలాంటిది. మిర్యాలగూడలో లాజరు సెకండ్‌హ్యాండ్ షాపులో దాన్ని ఇచ్చేసి, అదే రకంలో పెద్ద మోడల్ తెచ్చుకున్నాడు. తిరుగు బస్సులో ఆన్ చేస్తే స్క్రీన్ ధగధగలాడింది గానీ, అందులో అతని ఊరు లేదు.

ఆటలో ఏళ్ల తరబడి కట్టుకున్న ఊరది. ఇళ్లు, వాగు, పొలాలు, పొలాల నిండా ఓపికగా పూయించిన నీలం గులాబీలు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకచోట పెట్టి మార్చుకుంటేనే ఊరు కొత్తదాంట్లోకి వస్తుంది. వచ్చాక పాతదాంట్లో మిగలదు. అసలు పనే మరిచిపోయాడు మహానుభావుడు. మర్నాడు పరుగున వెళ్తే, కోదాడ టీచరమ్మ ఒకామె కొనుక్కుపోయిందని లాజరు చల్లగా చెప్పాడు.

కోదాడలో ఆ ఇల్లు వెతికి పట్టుకున్నాడు. తలుపు తీసినామె పేరు కరుణ, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. సంగతి విని, మంచం మీద కూర్చున్న అమ్మమ్మ యాదమ్మ చేతిలోని గేమ్‌ను అతనికి చూపించింది. ఊరుంది. పొలాలు నున్నగా ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు.

"నా పూలేవి?"

"నాట్లేసుకుంట బతికినదాన్ని పిలగా," అంది యాదమ్మ. "పొలంల పూలెందుకుంటయి? కలుపనుకొని పీకేసిన."

కరుణ నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగింది. దాంతో వేణుకు ఇంకా మండింది. పాత గేమ్ వెనక్కి ఇచ్చెయ్యమన్నాడు, లేదా ఊరినైనా మార్చుకోనివ్వమన్నాడు. రెండూ కుదరవంది కరుణ.

"మా అమ్మమ్మ బతుకంతా ఒకళ్ల పొలంలోనే వంగిందండీ. ఆమె పేరు మీద గుంట భూమి లేదు. ఇప్పుడు ఇదే ఆమె పొలం. నేనివ్వను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక్కడ మొండివాళ్లు ఇద్దరు. వేణు ఆదివారం మళ్లీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. బస్సు కంపెనీకి జీతం ఇస్తున్నారా అని కరుణ అడిగింది. పువ్వుకూ కలుపుకూ తేడా తెలియని ఇల్లని అతను అన్నాడు. తేడా తెలుసు కాబట్టే మిమ్మల్ని ఇంకా పీకెయ్యలేదని ఆమె అతని కళ్లలోకి చూస్తూ టీ గ్లాసు చేతికిచ్చింది. ఆ చూపుకు వేణు టీలో చక్కెర లేదని కూడా గమనించలేదు.

వస్తూ పోతూ అతనొకటి గమనించాడు. యాదమ్మ ఆ బుల్లి స్క్రీన్‌ను ముక్కుకు ఆనించుకుని ఆడుతోంది. ఆపరేషనైన కంటి నుంచి నీరు కారుతూనే ఉంటుంది. తుడుచుకుని మళ్లీ నారు పోస్తుంది.

శ్రావణం ముసురులో ఒక రోజు తడిసి ముద్దై వచ్చాడు. చొక్కా లోపల దాచిన పెద్ద గేమ్ మాత్రం తడవలేదు. ఊరిని దీంట్లోకి మారుద్దామన్నాడు.

కరుణ ముఖం గట్టిపడింది. "చివరికి పంతం నెగ్గించుకుంటారన్నమాట."

"నెగ్గించుకుంట. ఊరు పెద్దదాంట్లకొస్తది. పెద్దది అమ్మమ్మ కాడ ఉంటది."

"మరి మీకు?"

"నాకేం వద్దు."

ఊరికే తీసుకునే అలవాటు తమకు లేదంది కరుణ. తర్వాత గొంతు తగ్గించి అంది, "ఆట కోసమైతే ఇక రావద్దు."

"ఆట కోసం వచ్చుడు ఎప్పుడో బందైంది," అన్నాడు వేణు. "నీకోసమే వస్తున్న. వద్దంటే ఇప్పుడే చెప్పు."

మీరు అనడం మానేసి నువ్వు అన్నాడని ఇద్దరికీ తెలిసింది. కరుణ వద్దనలేదు.

ఊరు మారింది. పెద్ద స్క్రీన్ మీద తన పొలాన్ని గట్ల దాకా చూసుకుని యాదమ్మ నారు పోయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తల ఎత్తకుండానే, మీ అమ్మను తోల్కరా పిలగా, మాట్లాడుకుందాం, అంది.

కులం మాట రాకుండా తన తల్లి పెళ్లి మాట ఎత్తదని వేణుకు తెలుసు. "మా అమ్మ జర గట్టిది," అన్నాడు.

"ఆమెను ఇక్కడికి రమ్మనడం దేనికి? నేనే వస్తాను," అంది కరుణ. "అడగాల్సిన మాట ఏదైనా ఉంటే నా ముఖం చూసి అడగమను. నీ వెనకాల నిలబడి కాదు, పక్కన కూర్చుని చెబుతాను."

గొడుగు తీసుకుని, చెప్పులు వేసుకుని, అతనికన్నా ముందు గుమ్మం దిగింది. సూర్యాపేట బస్సులో వేణు కిటికీ పక్క సీటు ఆమెకు వదిలాడు. బస్సు కదిలాక, వాళ్లమ్మకు ఏ కూర ఇష్టమో చెప్పమని కరుణ అడగడం మొదలుపెట్టింది.