వాగ్దానం లేని రూపాయి

మేడ్చల్ బస్టాండులో ఏజెంట్ ఇస్తారి కుప్పకూలేసరికి అతని చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది. సైనైడ్.

మర్నాడు ఉదయం కండ్లకోయలో, ఒక జిరాక్స్ షాపు పైగదిలో, చీఫ్ కృష్ణారావు మరో ఏజెంట్ వహాబ్ ముందు కరకరలాడే రూపాయి నోటు పెట్టాడు. అది 2012వ సంవత్సరం.

"ఇస్తారి చేయాల్సిన పని ఇప్పుడు నీది. ఇదే నీ పాస్‌వర్డ్. నంబర్ చివర 417. సైఫ్‌కు ఆ నంబర్ ముందే చేరింది."

సైఫ్ రెండేళ్లుగా ఓ విదేశీ ముఠాలో డ్రైవర్‌గా నటిస్తున్న వీళ్ల మనిషి. క్షిపణి డ్రాయింగులున్న మెమరీ కార్డుతో తప్పించుకుని, శామీర్‌పేట దగ్గర పాడుబడ్డ కోళ్ల షెడ్డులో దాక్కున్నాడు. ముఠాకు దొరికితే బతకడు.

"రూపాయి నోటే ఎందుకు సార్?"

"తొంభై నాలుగులో ప్రింటింగ్ ఆపేశారు. వెనక సముద్రంలో ఆయిల్ రిగ్గు బొమ్మ. గవర్నర్ సంతకం ఉండదు, ఫైనాన్స్ సెక్రటరీది ఉంటుంది. మిగతా నోట్లన్నీ చెల్లిస్తానని వాగ్దానం చేస్తాయి. ఇది చేయదు, మన డిపార్ట్‌మెంట్ లాగే. పెళ్లి చదివింపుల కవర్లలో తిరుగుతుంది కాబట్టి జేబులో ఉన్నా ఎవరూ అనుమానించరు. కారు మాధవీలత నడుపుతుంది. ముఠాలో మన మనిషి."

"మనలో వాళ్ల మనిషేమో?"

"ఇస్తారికి టీ ఇచ్చిందెవరో తెలిస్తే చెప్పేవాణ్ణి."

మచ్చ బొల్లారంలోని ఇంట్లో వహాబ్ గుడ్ల వ్యాపారి మీసం అతికించుకున్నాడు. జేబులో నోటుతో చొక్కా తలుపుకు వేలాడుతోంది. అతను బయల్దేరబోతుంటే తల్లి ఆతియా ఆకుపచ్చ గుడ్డ పట్టుకొచ్చింది. ఇమామ్ జామిన్. ప్రయాణంలో రక్షణ కోసం లోపల డబ్బు పెట్టి జబ్బకు కడతారు. క్షేమంగా తిరిగొస్తే ఆ డబ్బు పేదలకిస్తారు.

"శామీర్‌పేటకు కూడానా అమ్మీ?"

"మీ అబ్బా గంజ్ బజారుకు పోయినా కట్టిన. చెయ్యి చాపు బేటా."

ముడి ఒత్తుకోకుండా గుడ్డ కింద వేలు దూర్చి చూసింది.

దారి పొడవునా మాధవీలత అద్దంలో అతన్ని గమనిస్తోంది. అతనూ ఆమెను గమనిస్తున్నాడు. చెరువు కట్ట దగ్గర కారాపింది.

"మీసం ఊడుతాంది వహాబ్ గారూ." వంగి సరిచేసింది. "జర నీళ్ల బాటిల్ తెస్తరా?"

వహాబ్ నవ్వుకుని కారు తాళంచెవి తీసుకునే దిగాడు. ఆమె దగ్గర రెండోది ఉంది. అతను వెనక్కి తిరిగేసరికి కారు లేదు. జేబులో నోటూ లేదు.

దారిన పోయే గుడ్ల ట్రాలీ ఆపి ఎక్కాడు.

షెడ్డు చేరేసరికి మాధవీలత కిటికీ ఊచల్లోంచి నోటు అందిస్తోంది. లోపలి నుంచి సైఫ్ చెయ్యి మెమరీ కార్డుతో బయటికొచ్చింది. అంతలో ఆగింది.

"గిది కాదు. నంబర్ తప్పు."

చెయ్యి లోపలికి పోయింది. నోటు కింద పడింది. ఆమె పిస్టల్ తీసింది. వహాబ్ గుడ్ల ట్రే మొత్తం ఆమె మీదికి విసిరాడు. సొనల్లో జారిపడ్డ ఆమె చేతులకు బేడీలు వేశాడు.

"కదలకు," అన్నాడు సైఫ్. కిటికీలో ఇప్పుడు తుపాకీ ఉంది. "మీరిద్దరు కలిసి ఆడే నాటకమేమో. నీ నోటు చూపు."

వహాబ్ కింద పడ్డ నోటును చూశాడు. దానికి రెండు పిన్ను చిల్లులున్నాయి. చీఫ్ ఇచ్చినదానికి లేవు. తలుపుకు వేలాడిన చొక్కా గుర్తొచ్చింది.

జబ్బ మీది ముడి పళ్లతో విప్పాడు. లోపల కరకరలాడే రూపాయి. 417.

తుపాకీ దిగింది. సైఫ్ బయటికొచ్చి మెమరీ కార్డు అందించాడు.

"అమ్మీ కట్టిందా అన్నా?"

"అవును."

"నాకెవరూ కట్టక రెండేండ్లాయె."

వహాబ్ ఆ ఖాళీ గుడ్డనే సైఫ్ జబ్బకు కట్టాడు. ముడి కింద వేలు దూర్చి చూశాడు.

సాయంత్రం ఆతియా అంది: "దానానికి చిల్లులదిస్తే బాగుంటదా? అందుకే నీ కొత్తది తీస్కొని నాది నీ జేబుల పెట్టిన. దొంగతనమైతే కాదు గద."

చీఫ్ ఫోన్ చేశాడు. "ఆ నోటు ప్రభుత్వ ఆస్తి. డిపాజిట్ చెయ్."

"అమ్మ ఫకీరుకు ఇచ్చేసింది సార్."

"తీసుకున్నాడా?"

"ఇది నడవదు, అయిదు రూపాయల బిళ్ల ఇవ్వమన్నాడట. అదీ ఇచ్చింది."

కృష్ణారావు నిట్టూర్చి, ఆపరేషన్ ఖర్చు ఆరు రూపాయలని రాసుకున్నాడు.